పొగ లేదు

అడవి కాలిపోయిన ఇరవై రెండో రోజున రేంజర్ గారు మంచెమ్మను ఆఫీసుకు పిలిపించి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో ఆమెకు కుర్చీ దొరకడం అదే మొదటిసారి. ఊరికే కుర్చీ వేసే మనిషి కాదాయన. ఏదో మునిగిందనుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచునే కూర్చుంది.

ఆమె అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో ఉంది గానీ ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. కొండ మీది వాచ్ టవర్ని జనం మంచె అంటారు. చేలో పిట్టల్ని తోలడానికి వేసే మంచెకూ దానికీ పోలిక ఒక్కటే, రెండింటి మీదా ఒక మనిషి కళ్ళు చిట్లించుకుని కూర్చుంటాడు. ఇక్కడ ఆ మనిషి ఈమె కాబట్టి మంచెమ్మ అయింది. పొద్దున్నే డెబ్బై రెండు మెట్లెక్కడం, సాయంత్రం దిగడం, మధ్యలో అడవిలో ఎక్కడ పొగ లేచినా వైర్లెస్‌లో కింద ఆఫీసుకు చెప్పడం ఆమె పని. ఇప్పుడు మంచె లేదు. నాలుగు ఇనుప కాళ్ళు మిగిలాయి, అవీ వంకర్లు తిరిగి.

రేంజర్ గారు ఒక జిరాక్సు కాయితం బల్ల మీద ఆమె వైపు జరిపాడు. కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టు ఉంది. మంటలార్పే రోజున ఆయనా ముందు వరసలోనే ఉన్నాడు, ఆ మాట కాదనకూడదు.

"ఇది మీ రాతే కదమ్మా?"

ఆమె రాతే. గుండ్రటి అక్షరాలు, గళ్ళలో పొందిగ్గా ఉన్నాయి. పన్నెండున్నర, పొగ లేదు. ఒంటిగంట, పొగ లేదు. ఒంటిగంటన్నర, పొగ లేదు. రెండు గంటలు, పొగ లేదు. ఒంటిగంటన్నర కింద ఎవరో ఎర్ర పెన్సిలుతో గీత గీశారు.

"నా రాతే సార్. కానీ..."

"కానీ లేదమ్మా. ఎల్లుండి నుంచి విచారణ. రిటైర్డ్ జడ్జిగారు వస్తున్నారు. మూడో రోజు మిమ్మల్ని పిలిచి ఇది మీ రాతేనా అంటారు. అవునండీ అనండి. రెండు నిమిషాల పని."

"ఒంటిగంటా పదికే పొగ చూశాను సార్. వైర్లెస్‌లో నాలుగుసార్లు చెప్పాను. మీకు తెలుసు."

ఆయన లేచి కిటికీ రెక్క దగ్గరకు వేశాడు. తిరిగొచ్చి, గొంతు తగ్గించాడు. "వైర్లెస్ పుస్తకంలో మీ మొదటి కాల్ రెండూ ఇరవైకి ఉంది. మీ పుస్తకంలో ఒంటిగంటన్నరకు పొగ లేదని ఉంది. గేటు పుస్తకంలో ఆ తేనె పట్టే ఆయన ఒంటిగంటా ఇరవైకి లోపలికి వెళ్ళినట్టుంది. మూడు పుస్తకాలూ ఒకటే మాట చెప్తున్నాయి, అతను లోపలికి వెళ్ళాకే నిప్పు పుట్టిందని. ఇప్పుడు మీరు ఇంకో మాట చెప్తే మొట్టమొదట ఏమడుగుతారు? మరి పొగ లేదని ఎందుకు రాశావమ్మా అని అడుగుతారు."

దానికి జవాబు ఆమె దగ్గరుంది. ఆ ఆఫీసులో గుమాస్తా దగ్గర్నుంచి రేంజర్ దాకా అందరి దగ్గరా ఉంది, పైకి ఎవరూ అనరు, అంతే. ప్రతి అరగంటకూ చూసి పుస్తకంలో రాయాలని రూలు. రూలు రాసినాయన మంచె ఎక్కిన పాపాన పోలేదు. అరగంటకోసారి తల దించి, కళ్ళజోడు మార్చి, గడి వెతుక్కుని రాసి, మళ్ళీ తలెత్తి కళ్ళు దూరానికి సర్దుకునేసరికి నాలుగైదు నిమిషాలు అడవి అనాథగా ఉంటుంది. ఎండ ముదిరాక చెమట చేత్తో రాస్తే సిరా కూడా అలుక్కుపోతుంది. అందుకని మంచెల మీద పనిచేసేవాళ్ళందరూ పొద్దున్న ఆరింటికే, చల్లటి వేళ, రోజు మొత్తానికీ 'పొగ లేదు' అని వరసగా రాసేసి, పుస్తకం మూసి పక్కన పడేస్తారు. ఆ తర్వాత రోజంతా అడవినే చూస్తారు. పొగ కనిపిస్తే ముందు వైర్లెస్. తర్వాత గుండ్రబల్ల మీద పరిచిన మ్యాపులో ఇత్తడి స్కేలు తిప్పి దిక్కు చూడ్డం. అన్నీ అయ్యాక, పుస్తకంలో ఆ వరస కొట్టేసి ఉన్నది రాయడం. ఆమెకు పని నేర్పిన ముసలాయన చెప్పింది ఒక్కటే మాట, "మనిషికి చూపు ఒకటేనమ్మా. పుస్తకానికిస్తావో అడవికిస్తావో నీ ఇష్టం." ఆమె అడవికిచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె కంట పడకుండా ఒక్క పొగా లేవలేదు. ఆ రోజు మాత్రం వైర్లెస్‌లో పిలవడంతో, మంట ఎటు పోతోందో చూడ్డంతో సరిపోయి, కొట్టేసి రాయడానికి తీరిక దొరకలేదు. గాలి తిరిగి మంట కొండ వైపు రావడంతో పుస్తకం చంకన పెట్టుకుని రెండున్నరకు మెట్లు దిగి పరిగెత్తింది. మంటొస్తే ముందు పుస్తకం కాపాడాలని అదొక రూలు.

"తొమ్మిది నెలల్లో రిటైరవుతున్నారు," అన్నాడు రేంజర్ గారు. "ఉన్నది చెప్తే ఉద్యోగం పోతుంది, పింఛనూ పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. మీ కాళ్ళ మీదే కాదు, మంచెలెక్కే అందరి కాళ్ళ మీదా."

"మరి ఆ తేనె ఆయన?"

"అతనికి లాయరున్నాడు, చూసుకుంటాడు."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. "అసలు పుస్తకం ఎక్కడుంది సార్?"

"సీలు వేసి విచారణ కమిటీకి పంపించాం. ఆ పేజీలో గుర్తు పెట్టే పంపించాం. వాళ్ళు చూడాల్సింది ఆ పేజీ ఒక్కటే. మీరు హాయిగా ఉండండి."

*

ఇంట్లో హాయి ఎక్కడిది. ఉన్నవి రెండు గదులు. అందులో ఒకటి ఇరవై రెండు రోజులుగా అక్కది. అక్క బడిపిల్లల బట్టలు కుట్టేది. కొండకింది వీధిలో పదకొండు ఇళ్ళు కాలితే అందులో అక్కది మూడోది. బూడిదలోంచి తెచ్చుకున్నది కుట్టుమిషను తలకాయ ఒక్కటే. పాత చీరముక్క కిరసనాయిల్లో ముంచి, పొద్దున్నా సాయంత్రం దాన్ని తుడవడం, నూనె చుక్కలు వెయ్యడం, చక్రం పట్టుకుని తిప్పి చూడ్డం. చక్రం తిరగదు. ఇనుము వేడికి లోపల్లోపల అతుక్కుపోయింది. మెకానిక్కు చూసి పెదవి విరిచేశాడు. అక్క వినలేదు. మొండితనంలో ఆ ఇంట్లో ఎవరికి ఎవరూ తీసిపోరు.

"ఎందుకు పిలిచాడటే?" అంది అక్క, తల ఎత్తకుండా.

"సాక్ష్యానికి. మూడో రోజు."

"గట్టిగా చెప్పు. ఆ తేనెవాడు ఈగల్ని తోలే పొగడబ్బా పట్టుకుని అడవిలోకి పోవడం ఊరంతా చూసింది. నిప్పు లేనిదే పొగ రాదు." గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలెట్టింది. "నలభై రెండు జతల బట్టలు కుట్టి మడతపెట్టి ఉంచానే. మర్నాడు బడికివ్వాలి. ఒక్క గుండీ కూడా మిగల్లేదు."

మంచెమ్మ చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఇంతలో గుమ్మంలో నీడ పడింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, రోడ్డు నడిచొచ్చిన కాళ్ళతో బయటే నిలబడింది. తేనె ఆయన భార్య. వారం వారం సీసాలు బుట్టలో పెట్టుకుని ఈ వీధిలోనే అమ్ముకునేది. అక్క కూడా బేరమాడి కొన్న రోజులున్నాయి.

"పిన్నిగారూ, ఒక్క మాట."

అక్క గుడ్డ కింద పెట్టింది. "ఇల్లు తగలబెట్టినవాడి పెళ్ళానికి ఈ గుమ్మంలో ఏం పని?"

"మీ ఇల్లు పోయింది, మీరు ఏమన్నా పడతాను," అందామె. ఎన్ని గుమ్మాల్లో ఇదే మాట పడి వచ్చిందో. "పిన్నిగారూ, ఆయన ఆ రోజు డబ్బాలో నిప్పే వెయ్యలేదు. గేటు దాటి మైలు కూడా పోకముందే ఎదురుగా పొగ కనిపించిందట. వెనక్కి పరిగెత్తుకొచ్చి గేటు దగ్గర చెప్పింది కూడా ఆయనే. చెప్పినవాణ్ణే కూర్చోబెట్టుకున్నారు. పైనుంచి మీరు చూసే ఉంటారు కదా. చూసింది చెప్తే చాలు."

మంచెమ్మకు కళ్ళెత్తి ఆమె మొహం చూడటానికి సిగ్గేసింది. అడవిలో అయిదు మైళ్ళ అవతల దారప్పోగంత పొగ లేస్తే పట్టుకునే కళ్ళు, మూడడుగుల దూరంలో ఉన్న మనిషిని చూడలేక నేల చూశాయి. "మూడో రోజు పిలుస్తారమ్మా నన్ను," అంది. ఆ మనిషి అదేదో మాట ఇచ్చినట్టే తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అది ఇంకా కష్టంగా ఉంది.

*

విచారణ బడి హాల్లో పెట్టారు. పిల్లల బెంచీలు కాబట్టి పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నాయి. వేదిక మీద జడ్జిగారు. డెబ్బై దాటిన ఆవిడ, దళసరి కళ్ళజోడు, పక్కన టైపు చేసే గుమాస్తా ఉన్నా ప్రతి మాటా తన చేత్తోనే రాసుకుంటోంది. ఎవరు ఎంత అరిచినా ఆవిడ పెన్ను వేగం మారలేదు.

అరిచేవాళ్ళకు కొదవ లేదు. మొదటి రెండు రోజులూ ఊరికీ అడవికీ మధ్య ఉన్న పాత తగాదాలన్నీ బెంచీలెక్కాయి. కలప డిపో యజమాని లేచి, చెట్లు ఇంత దట్టంగా ఉంచితే కాలక ఏం చేస్తాయి, సగం కొట్టనిచ్చి ఉంటే సగమైనా మిగిలేది అన్నాడు. సైన్సు మాస్టారు లేచి, కాలింది చెట్లు కాదు, కింది ఆకు అన్నాడు. వెనకటికి చలికాలంలో జనమే కొంచెం కొంచెంగా ఎండుటాకు కాల్చేవాళ్ళు, నేరమని మీరు ఆపించారు, పోనీ మీరు కాలుస్తారా అంటే అదీ లేదు, పదేళ్ళ ఆకు మోకాలెత్తు పేరుకుంది అని, నిజంగానే మోకాలు మీద చెయ్యి పెట్టి చూపించాడు. మేకలు కాసే పెద్దావిడ ఒకతె, మా మేకల్ని రానిచ్చినన్నాళ్ళూ అడవికి గడ్డం గీసినట్టుండేది అంది. హాలు నవ్వింది. జడ్జిగారు ఆ మాట కూడా రాసుకుంది.

రేంజర్ గారు లేచి పన్నెండు కిలోమీటర్ల ఫైర్ లైన్లు శుభ్రం చేయించామని మ్యాపు చూపించాడు. ఫైర్ లైనంటే చెట్ల మధ్య పొదలూ గడ్డీ కొట్టేసి ఉంచే ఖాళీ బాట, మంట అక్కడికొచ్చి తిండి లేక ఆగిపోవాలి. మ్యాపులో పన్నెండు కిలోమీటర్లూ ఎర్రగా, నున్నగా ఉన్నాయి. మంచెమ్మ ఆఖరి బెంచీలో అక్క పక్కన కూర్చుని ఆ ఎర్రగీతల్లో తూర్పు వైపుది చూసింది. పోయిన వానాకాలం నుంచీ ఆ గీత పైనుంచి కనబడటమే మానేసింది. అంతగా పొదలు కమ్మేశాయి. ఆఫీసుకొచ్చినప్పుడల్లా నోటితో చెప్పింది. మనుషుల్లేరమ్మా అన్నారు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. అక్కడ పిడికెడు పట్టుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు. డిపో యజమాని ఆఫీసునన్నాడు, ఆఫీసు జనాన్నంది, జనం ఒకరినొకరు అన్నారు. రెండో రోజు సాయంత్రానికి అందరూ అలిసిపోయి ఒక్క మాట మీదికొచ్చారు. అసలు నిప్పు పెట్టింది ఆ తేనె ఆయన కదా అని. మూట మొత్తం తీసుకెళ్ళి అతని నెత్తిన పెట్టడంతో హాలంతా తేలిక పడింది. ఆ నిట్టూర్పు మంచెమ్మకు వినిపించింది. పక్కన అక్క కూడా అలాగే ఊపిరి వదిలింది.

అతన్ని ఆ రోజే తీసుకొచ్చి ముందు బెంచీలో ఒక చివర కూర్చోబెట్టారు. పొట్టి మనిషి. చేతుల నిండా తేనెటీగలు కుట్టిన పాత మచ్చలు. ఎవరు ఏమన్నా తలెత్తి అటే చూస్తున్నాడు, బడిలో కొత్తగా చేరిన పిల్లాడు పాఠం అర్థంకాక చూసినట్టు. ముందు బెంచీ రెండో చివర వైర్లెస్ గదిలో పనిచేసే ఆయన కూర్చున్నాడు. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం, రెండు రోజులూ అదే పని. ఒక్కసారి వెనక్కి తిరిగి మంచెమ్మను చూసి, చూడనట్టు తిరిగిపోయాడు.

ఈయన మాత్రం ఎందుకు నోరు మూసుకున్నాడు అని ఆమెకు ఒళ్ళు మండింది. మండిన మరుక్షణం, నేను తెరిచానా అనుకుంది.

*

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే అక్కకు చెప్పేసింది. గిన్నెలు తోముతూ, అటు తిరిగి, ఒక్క గుక్కలో. పొద్దున్నే రాసేసుకోవడం, ఒంటిగంటా పదికి పొగ చూడటం, రేంజర్ కుర్చీ వెయ్యడం అన్నీ చెప్పింది. గిన్నె దించి తిరిగి చూస్తే అక్క మిషను ముందు కూర్చుని చేతిలో నూనె డబ్బా అలాగే పట్టుకుని ఉంది.

"అంటే ఆ రోజు పొద్దున్నే, నా ఇల్లు కాలకముందే, పొగ లేదని రాసేశావు."

"రోజూ రాసేదే అక్కా."

"నా ఇంటి కప్పు కూలేటప్పుడు నీ పుస్తకంలో ఏం రాసుందే?"

మంచెమ్మ జవాబు చెప్పబోయి ఆగిపోయింది. నాలుగున్నరకు అక్క వీధి కాలింది. నాలుగున్నర వరస ఆ పేజీలో లేదు. ఒక్కో పేజీకి పదిహేడు గళ్ళు, పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. రెండున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా ఎనిమిది వరసలు పేజీ వెనక వైపు ఉంటాయి. తన చేత్తోనే రాసింది, తనకే తట్టలేదు ఇన్నాళ్ళూ. రేంజర్ గారికి తట్టే ఉంటుంది. అందుకే వాళ్ళు చూడాల్సింది ఆ పేజీ ఒక్కటే అన్నాడు.

"అడిగింది నిన్నే. ఏం రాసుంది?"

"పొగ లేదనే రాసుంది," అంది.

అక్క నూనె డబ్బా పక్కన పెట్టింది. కొట్టినా బాగుండేది. లేచి, చాప పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం వద్దంది. మంచెమ్మ ఒక్కతే కూర్చుని నాలుగు ముద్దలు తింది. తినకపోతే రేపు గొంతు లేవదని తింది. భయం లేదని కాదు. పింఛను లేకుండా ఎలా బతకాలో, ఈ రెండు గదులకు అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందో, ఊళ్ళో రేపటి నుంచి తనను ఏ పేరు పెట్టి పిలుస్తారో అన్నీ కళ్ళకు కట్టాయి. కట్టినా, కంచం కడిగి బోర్లించేసరికి మనసు గట్టిపడింది. అయిదు మైళ్ళ పొగ చూసి చెప్పినదాన్ని, ఎదురుగా ఉన్నదాన్ని చూసి చెప్పలేకపోతే ఇన్నాళ్ళ కూడు దండగ అనుకుంది.

పొద్దున్న లేచేసరికి అక్క చాప చుట్టి ఉంది. అక్క లేదు.

*

సాక్షి కుర్చీ పెద్దవాళ్ళ కుర్చీయే. ఆఫీసు తరఫు లాయరు పుస్తకం సీలు విప్పించి, గుర్తు పెట్టిన పేజీ తెరిచి, దూరం నుంచే చూపించాడు.

"ఈ రాత మీదేనా?"

"నాదేనండి."

"ఒంటిగంటన్నరకు ఏమని ఉంది?"

"పొగ లేదని ఉంది."

"చాలు. వెళ్ళొచ్చు."

రెండు నిమిషాలు కూడా కాలేదు. మంచెమ్మ లేవలేదు. చేతిసంచీ పిడి గట్టిగా పట్టుకుంది. "జడ్జిగారూ, పేజీ తిప్పించండి," అంది.

లాయరు నవ్వాడు. "సంబంధిత పేజీ ఇదే."

"ఒక్క కాయితమే కదండీ. తిప్పించండి."

జడ్జిగారు చెయ్యి చాచింది. పుస్తకం ఆవిడ ముందుకు వెళ్ళింది. కాయితం తిప్పిన చప్పుడు ఆఖరి బెంచీ దాకా వినిపించి ఉంటుంది. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టింది, రాసినంత నెమ్మదిగా.

"రెండున్నర, పొగ లేదు. మూడు, పొగ లేదు. మూడున్నర, పొగ లేదు." హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. "నాలుగు, పొగ లేదు. నాలుగున్నర, పొగ లేదు."

వినడం ఇంత కష్టంగా ఉంటుందని మంచెమ్మ అనుకోలేదు. పదకొండు ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఒక్కో 'పొగ లేదు'కూ ఒక్కో మొహం ఆమె వైపు తిరుగుతోంది. తల దించుకోకూడదని గట్టిగా అనుకుంది, దించుకోలేదు.

"నాలుగున్నరకు మీరెక్కడున్నారు?" అంది జడ్జిగారు.

"మా అక్క వీధిలో బకెట్లు అందిస్తున్నానండి."

"నాలుగున్నర కాదు."

ఆ గొంతు హాలు మధ్యలోంచి వచ్చింది. అక్క లేచి నిలబడి ఉంది. పక్కన, అదే బెంచీలో, తేనె ఆయన భార్య కూర్చుని ఉంది. వాళ్ళిద్దరూ ఎక్కడ కలిశారో, ఏం మాట్లాడుకున్నారో ఎవరికి తెలుసు. "మా ఇల్లు అంటుకుంది నాలుగూ ఇరవైకండీ. గోడ గడియారం తీసుకుని బయటికొచ్చాను, అక్కడే ఆగిపోయింది. రాసుకునేటప్పుడు సరిగ్గా రాసుకోండి," అని కూర్చుంది. చెల్లెలి వైపు చూడలేదు. చూడకపోయినా ఫరవాలేదనిపించింది మంచెమ్మకు.

జడ్జిగారు నాలుగూ ఇరవై అని రాసుకుంది. చివరి వరసల దాకా వచ్చింది. "అయిదున్నర, పొగ లేదు. ఆరు, పొగ లేదు. ఆరింటికి మీరు మంచె మీద ఉన్నారా?"

"అప్పటికి మంచే లేదండి."

ఎవరూ నవ్వలేదు. మంచెమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పొద్దున్నే రాసుకునే అలవాటు, ఎందుకు రాసుకుంటారో, కొట్టేసి రాయడానికి ఎందుకు కుదర్లేదో. ఒంటిగంటా పదికి రెండో కొండ వెనక, తూర్పు ఫైర్ లైను మీద, కరెంటు తీగల కింద మొదటి పొగ చూశానంది. ఆ లైను మీద ఈ ఏడాది కొడవలి పడలేదని కూడా అంది. తేనె ఆయన వెళ్ళిన గేటు పడమటి వైపుది. మ్యాపు అక్కడే వేలాడుతోంది, ఎవరైనా చూసుకోవచ్చు.

లాయరు లేచాడు. "విధుల్లో ఉండి తప్పుడు రాతలు రాశానని ఒప్పుకుంటున్నారు. దీని ఫలితం ఏమిటో తెలుసా మీకు?"

"తెలుసండి. ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అన్నీ నా రాతే, అన్నీ ఇలాగే ఉంటాయి. తెప్పించుకోండి."

"అన్నేళ్ళు అబద్ధం రాసిన మనిషి ఇవాళ నిజం చెప్తోందని ఎలా నమ్మాలి?"

"నన్ను నమ్మక్కర్లేదండి," అంది మంచెమ్మ. "ఆ పుస్తకాన్ని నమ్మకండి, చాలు. మంచె కాలిపోయాక కూడా పొగ లేదంటోంది అది. దాని మాట మీద ఒక మనిషిని ఇరవై అయిదు రోజులుగా లోపల కూర్చోబెట్టారు."

రేంజర్ గారు కట్టు కట్టిన చెయ్యి ఎడంచేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. ఆయన భయం ఎలాంటిదో నిన్నటి దాకా తనకూ తెలుసు.

జడ్జిగారు వైర్లెస్ ఆయన్ని పిలిచింది. ఆయన చేతిరుమాలు జేబులో పెట్టుకుని వచ్చాడు. పుస్తకం తెచ్చారా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నోటితోనే చెప్తానండి. ఒంటిగంటా పదికే పిలిచింది. నాలుగుసార్లు పిలిచింది. పైవాళ్ళకు చెప్పి వాళ్ళు సరే అన్నాకే కాల్ రాయాలని మా గదిలో అలవాటు. ఆ రోజు అందరూ మొక్కలు నాటే సభలో ఉన్నారు, ఫోన్లు ఆపేసి. మంటలార్పేవాళ్ళు కూడా అక్కడే కుర్చీలు మోస్తున్నారు. నేను సైకిలు మీద వెళ్ళి, ఉపన్యాసం అయ్యేదాకా నిలబడి, చెప్పి తిరిగొచ్చి రాసేసరికి రెండూ ఇరవై అయిందండి."

హాలు ఒక్కసారిగా లేచింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మాస్టారు బెంచీ ఎక్కాడు. ఆ గోలలో ముందు బెంచీ చివర తేనె ఆయన మాత్రం కూర్చునే, వెనక్కి తిరిగి భార్య కోసం వెతుక్కుంటున్నాడు. తన గురించి ఏదో తేలిందని అర్థమైంది గానీ ఏమిటో ఆమె చెప్తే తప్ప నమ్మేలా లేడు.

గుమాస్తా టైపు చేసిన కాయితం మంచెమ్మ ముందు పెట్టాడు. "చదువుకుని సంతకం చెయ్యండి. పక్కన టైము వెయ్యాలి." పెన్ను అందిస్తూ, సాయం చేస్తున్నట్టు నెమ్మదిగా అన్నాడు, "పన్నెండని వేసేయండమ్మా. పొద్దుటి సాక్షులందరికీ అదే వేయిస్తున్నాను, వరసగా బావుంటుంది."

మంచెమ్మ కాయితం మొత్తం చదివింది. సంతకం చేసింది. తర్వాత పెన్ను ఎత్తిపట్టుకుని, కళ్ళజోడు మార్చి, తలెత్తి వేదిక పైన గోడ గడియారం చూసింది. ముల్లు సరిగ్గా ఎక్కడుందో తేలేదాకా చూసింది. గుమాస్తా చెయ్యి చాపి నిలబడే ఉన్నాడు. ఆమె తల దించి, సంతకం పక్కన గుండ్రంగా, పొందిగ్గా రాసింది: పన్నెండూ ఇరవై మూడు.